పాల మార్పు – పసిబిడ్డ తామర

పసిబిడ్డకు తొలి ఆహారం పాలు. తెలుగు నుడికారంలో పాలకు దక్కిన గౌరవం మరే ఆహారానికీ దక్కలేదు. చిన్ననాడే అలవడిన విద్యను ఉగ్గుపాలతో అబ్బిన విద్య అంటారు. కల్మషం లేని మనసును పాలవంటి మనసు అంటారు. నిజానిజాలు తేల్చగలవారిని పాలనూ నీళ్ళనూ వేరుచేసే హంసతో పోలుస్తారు. అయితే బిడ్డ బుగ్గలపై ఎర్రని పొక్కులు లేచి, రేయింబవళ్ళు గీరుకొంటూ నిద్రకు దూరమైననాడు ఇంటిల్లిపాదికీ మొదట అనుమానం కలిగేది కూడా ఆ పాలమీదనే. “పాలు పడటం లేదు, మార్చి చూడండి” అన్న మాట ఆనాడు నలుగురి నోటా వినవస్తుంది.

ఈ మాట ఎంతవరకు నిజం? పాలు మారిస్తే పసిబిడ్డ తామర తగ్గుతుందా? ప్రశ్న చిన్నదే. కాని దానికి తొందరపడి ఇచ్చే సమాధానం బిడ్డ ఎదుగుదలను, తల్లి మనశ్శాంతిని, ఒక్కొక్కప్పుడు బిడ్డ ప్రాణాన్ని సైతం తాకుతుంది. అందుచేత దీనిని నింపాదిగా విచారించవలసి ఉంది.

సలహాల సంగమం

హైదరాబాదు మహానగరానికి ఉత్తరాన, మేడ్చల్ వెళ్ళే దారిలో విస్తరించిన ప్రాంతం కుత్బుల్లాపూర్. ఒకప్పుడు చెరువులతో, పొలాలతో కూడిన పల్లెల సముదాయమైన ఈ ప్రాంతం జీడిమెట్ల పారిశ్రామికవాడ వెలసిన పిదప కార్మికుల నివాసభూమిగా మారింది. 2007లో ఇక్కడి పురపాలక సంఘం గ్రేటర్ హైదరాబాదులో విలీనమైంది. 2016లో కొత్తగా ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఈ ప్రాంతం భాగమైంది. చింతల్, షాపూర్‌నగర్, సూరారం, గాజులరామారం వంటి చోట్ల శ్రీకాకుళం నుండి వచ్చిన కుటుంబం పక్కనే పాలమూరు కుటుంబం, దాని పక్కనే ఒడిశా నుండో బీహారు నుండో వచ్చిన కుటుంబం నివసించడం సర్వసాధారణం.

మనుషులు ఎక్కడికి వెళ్ళినా తమ వంటలనే కాక తమ వైద్యాలను కూడా వెంట తీసుకొని వెళ్తారు. ఇటువంటి బస్తీలో ఒక బిడ్డకు ఒళ్ళు పేలితే సలహాలకు కొదవ ఉండదు. తల్లిపాలు మాన్పించి డబ్బాపాలు పట్టమని ఒకరు, డబ్బాపాలు మాన్పించి ఆవుపాలు పట్టమని మరొకరు, ఆవుపాలు వేడి చేస్తాయి కనుక మేకపాలు మేలని వేరొకరు చెబుతారు. హైదరాబాదు వీధుల్లో గాడిదను వెంట తిప్పుకొంటూ, కోరినవారికి అప్పటికప్పుడు పాలు పిండి చిన్న కొలతలతో అమ్మేవారు ఉన్నారు. బిడ్డల దగ్గుకు, ఉబ్బసానికి, చర్మవ్యాధులకు ఆ పాలు మంచివన్న నమ్మకం ప్రజల్లో ఉంది. ఇన్ని సలహాలలోనూ సమానమైన అంశం ఒక్కటే: దోషం పాలలో ఉన్నదన్న నిశ్చయం.

పేరు ఒకటి, వ్యాధులు రెండు

విచారణకు మొదటి మెట్టు పేరు. తెలుగువారు ‘తామర’ అనే పదాన్ని రెండు వేర్వేరు వ్యాధులకు వాడుతున్నారు. మొదటిది బూజు జాతికి చెందిన సూక్ష్మజీవి వలన వచ్చేది. ఇది గుండ్రని అంచుతో, చక్రంవలె వ్యాపిస్తూ, ఒకరినుండి మరొకరికి అంటుకొంటుంది. రెండవది వైద్యులు ఎగ్జిమా అని పిలిచే వ్యాధి. ఇది అంటువ్యాధి కాదు. ఈ రెండింటికీ భిన్నమైన గజ్జి, చర్మంలో దూరే అతి చిన్న పురుగు వలన కలుగుతుంది. మూడింటికీ దురద సమానమే అయినా కారణాలు వేరు, మందులు వేరు. పేరు కలిసినంత మాత్రాన ఒకదాని మందు మరొకదానికి పూస్తే రోగం ముదురుతుంది.

పసిబిడ్డలకు వచ్చే తామర సాధారణంగా రెండవ తరగతికి చెందినది. ఎగ్జిమా అనే మాటకు గ్రీకు భాషలో ‘పొంగి వెలికి రావడం’ అని అర్థం. 1923లో కోకా, కుక్ అనే అమెరికా వైద్యులు ఇటువంటి వ్యాధులకు ‘అటోపీ’ అనే పేరు పెట్టారు. గ్రీకులో ఆ మాటకు ‘చోటు తప్పినది, వింతైనది’ అని అర్థం. మన ప్రాచీన వైద్యులకు కూడా ఇటువంటి వ్యాధి తెలియనిది కాదు. చరకసంహిత పేర్కొన్న పదకొండు క్షుద్రకుష్ఠాలలో ‘విచర్చిక’ ఒకటి. దురద, నల్లబారిన పొక్కులు, రసి కారడం దాని లక్షణాలు.

ఈ వ్యాధి చాలామందిలో పుట్టిన మొదటి సంవత్సరంలోనే, తరచుగా రెండు నుండి ఆరు నెలల మధ్య తలెత్తుతుంది. మొదట బుగ్గలపైన, నుదుటిపైన, తలపైన, తరువాత కాళ్ళచేతుల వెలుపలి భాగాలపైన చర్మం ఎండి, ఎర్రబడి, గరుకుగా మారుతుంది. కొద్దిగా పెద్దయిన పిల్లలలో మోచేతి మడతలు, మోకాలి వెనుకభాగం దీనికి స్థానాలు. గోవుచ్చం కట్టేచోట మాత్రం, తేమ నిలిచి ఉండడం వలన, చర్మం తరచుగా బాగానే ఉంటుంది. ఒక వారం తగ్గుతుంది, మరొక వారం పెరుగుతుంది. ఈ హెచ్చుతగ్గులు దీని స్వభావంలోనే ఉన్నవి. ఈ విషయాన్ని గుర్తుంచుకొంటే ముందు చెప్పబోయేది సులభంగా బోధపడుతుంది.

గోడకు పడిన బీట

చర్మం పైపొరను ఒక ఇటుకల గోడతో పోల్చవచ్చు. కణాలు ఇటుకలు, వాటి నడుమ ఉండే కొవ్వు పదార్థాలు సున్నం. గోడ బాగున్నప్పుడు లోపలి తడి బయటికి పోదు, బయటి దుమ్మూధూళీ లోపలికి రాదు. ఎగ్జిమా ఉన్న బిడ్డలలో ఈ గోడ పుట్టుకతోనే కొంత బలహీనంగా ఉంటుంది. 2006లో స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు, వారి సహచరులు ఈ విషయంలో ఒక ముఖ్యమైన సంగతిని బయటపెట్టారు. ఫిలాగ్రిన్ అనే మాంసకృత్తి చర్మపు పైపొరను పటిష్ఠంగా ఉంచుతుంది. దానిని తయారుచేసే జన్యువులో లోపం ఉన్నవారికి ఎగ్జిమా వచ్చే అవకాశం చాలా ఎక్కువని వారు నిరూపించారు.

గోడకు బీట పడితే తడి ఆరిపోతుంది. చర్మం ఎండి దురద పుడుతుంది. దురద పుడితే బిడ్డ గీరుతుంది. గీరితే బీట మరింత పెద్దదవుతుంది. ఈ విషవలయం ఒకసారి మొదలైతే దానంతట అది సాగుతూనే ఉంటుంది. ఇందులో ఇంతవరకు పాల ప్రసక్తి లేదు.

మరి ఎగ్జిమా ఉన్న పిల్లలలో పాలు, గుడ్డు, వేరుసెనగ వంటివి పడనివారు ఇతర పిల్లలకంటే ఎక్కువగా కనిపించడానికి కారణమేమి? లండనుకు చెందిన వైద్యుడు గిడియన్ లాక్ 2008లో దీనికొక సమాధానం ప్రతిపాదించాడు. ఆహారం నోటిద్వారా పొట్టలోకి వెళ్ళినప్పుడు శరీరం దానిని మిత్రునిగా గుర్తిస్తుంది. అదే ఆహారపు నలుసులు బీటపడిన చర్మం గుండా లోపలికి చొరబడినప్పుడు శత్రువుగా భావిస్తుంది. ఈ దృష్టితో చూస్తే చాలా సందర్భాలలో పాలు పడకపోవడం వలన తామర రాలేదు. తామర వలన పాలు పడకుండా పోయాయి. కార్యకారణ సంబంధం లోకం అనుకొన్నదానికి తలకిందులుగా ఉన్నది.

పాలపై పాత అనుమానం

బిడ్డ రోగానికి పాలను తప్పుపట్టడం నేటి అలవాటు కాదు. చరకసంహిత స్తన్యానికి ఎనిమిది దోషాలను చెప్పి, వాటి వలన బిడ్డకు కలిగే రోగాలను, వాటికి తల్లికిగాని ధాత్రికిగాని చేయవలసిన చికిత్సను వివరించింది. ధాత్రి అనగా తన పాలిచ్చి బిడ్డను పెంచే స్త్రీ. 2017లో హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో నెలకొల్పిన తల్లిపాల నిధికి ఆ పేరే పెట్టారు. ఐరోపావారు సైతం పసిబిడ్డ ముఖంపై కట్టే తామర పెచ్చును లాటిను భాషలో ‘పాల పెచ్చు’ అనే అర్థం వచ్చే పేరుతో వ్యవహరించారు. తూర్పున, పడమర పాలకూ ఈ వ్యాధికీ ముడిపెట్టిన చరిత్ర అంత పాతది.

తెలుగునాట ఈ అనుమానం బాలింత పథ్యం రూపంలో నిలిచి ఉంది. పప్పు తినరాదు, పెరుగు తాకరాదు, గుడ్డు కూడదు, వంకాయ వద్దు అన్న ఆంక్షల నడుమ బాలింత అన్నంలో కారప్పొడి కలుపుకొని రోజులు గడపడం నేటికీ కొన్ని ఇళ్ళలో కనిపిస్తుంది. బిడ్డ గీరుకొంటే, తల్లి ఏదో తినరానిది తిన్నదన్న నింద వెంటనే వస్తుంది. ఆ నిందకు జంకి ఆమె మరొక పదార్థాన్ని వదులుకొంటుంది. బిడ్డ తామర మానదు సరికదా, పాలిచ్చే తల్లి నీరసిస్తుంది.

ఈ ఆచారాన్ని శాస్త్రజ్ఞులు పరీక్షకు పెట్టారు. గర్భవతులు, బాలింతలు పాలు, గుడ్లు వంటివి మానినందువలన బిడ్డలకు ఎగ్జిమా రాకుండా ఉంటుందా అని జరిగిన పరిశోధనలన్నింటినీ 2012లో ఒకచోట చేర్చి పరిశీలించగా, అట్టి నివారణ జరిగే అవకాశం కనబడలేదు. తల్లి ఏదో తిన్నందువల్లనే బిడ్డకు తామర వచ్చిందనే సామాన్య నిందకు ఆధారం లేదన్నమాట.

కాకి వాలడం, తాటిపండు రాలడం

అయినప్పటికీ “మా బిడ్డకు పాలు మార్చగానే తగ్గింది” అని చెప్పే తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. వారు అబద్ధం చెబుతున్నారా? కాదు. వారు చూచినది నిజమే. చూచినదానికి వారు చెప్పుకొన్న కారణం మాత్రం విచారణీయం.

సంస్కృత పండితులు కాకతాళీయ న్యాయమని ఒకదానిని చెబుతారు. తాటిచెట్టుపై కాకి వచ్చి వాలింది. అదే క్షణంలో పండిన పండు రాలింది. చూచినవాడు కాకి బరువుకే పండు రాలిందనుకొన్నాడు. పసిబిడ్డ తామర విషయంలో ఈ కాకి రెండుసార్లు వాలుతుంది.

మొదటిసారి వ్యాధి మొదలయ్యేటప్పుడు. రెండు నుండి ఆరు నెలల వయసు ఎగ్జిమా సహజంగా తలెత్తే కాలం. పనికి తిరిగి వెళ్ళవలసిన తల్లి పోతపాలు మొదలుపెట్టే కాలం కూడా అదే. అటుపిమ్మట కొద్దికాలానికే అన్నప్రాశన వస్తుంది. రెండూ ఒకే సమయంలో జరగడంతో మొదటిది రెండవదానికి ఫలమనిపిస్తుంది. రెండవసారి వ్యాధి తగ్గేటప్పుడు. పాలు మార్చాలన్న ఆలోచన తామర స్వల్పంగా ఉన్ననాడు కలగదు. విపరీతంగా ఉన్ననాడే కలుగుతుంది. హెచ్చుతగ్గులు సహజమైన వ్యాధి పతాకస్థాయికి చేరిన పిదప తగ్గుముఖం పట్టడమే సహజం. ఆ తగ్గుదల కీర్తి కొత్త పాలకు దక్కుతుంది. మళ్ళీ పెరిగినప్పుడు మరొక పాలకోసం వెదుకులాట మొదలవుతుంది.

ఈ సంగతిని అంకెలు స్పష్టం చేస్తున్నాయి. 2022లో ప్రచురితమైన ఒక సమీక్ష, ఎగ్జిమా ఉన్నవారికి పాలు, గుడ్లు వంటి ఆహారాన్ని మాన్పించి చూచిన 10 ప్రయోగాలను పరిశీలించింది. వాటిలో పాల్గొన్నవారు సుమారు 600 మంది, ఎక్కువమంది చిన్నపిల్లలు. ఆహారం మాన్పించిన ప్రతి 100 మందిలో 50 మందికి గమనింపదగిన మేలు జరిగింది. మాన్పించని ప్రతి 100 మందిలో 41 మందికి అంతటి మేలే జరిగింది. అనగా ఆహారం మానినందువలన అదనంగా మేలు పొందినవారు నూటికి తొమ్మండుగురు మాత్రమే. తక్కిన 41 మంది ఏమీ మానకపోయినా బాగుపడేవారే. అంతకుముందు 2008లో వెలువడిన మరొక సమీక్ష కూడా, అలర్జీ ఉన్నదో లేదో చూడకుండా అందరికీ పాలు, గుడ్లు మాన్పించడంవలన ప్రయోజనం కనబడలేదని తేల్చింది.

‘పడకపోవడం’ అంటే ఏమి?

అయితే పాలకూ తామరకూ ఏ సందర్భంలోనూ సంబంధమే లేదని దీనికి అర్థం కాదు. కొద్దిమంది బిడ్డలకు పాలు నిజంగానే శత్రువులు. వారిని గుర్తించాలంటే ‘పడకపోవడం’ అనే తెలుగు క్రియలో కలిసిపోయిన అర్థాలను ముందుగా విడదీయాలి.

పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర అరగక పొట్ట ఉబ్బడం, విరేచనాలు కావడం ఒక రకం. దీనికీ తామరకూ సంబంధం లేదు. కనుక లాక్టోజ్ లేని పాలు తెచ్చినంత మాత్రాన చర్మం బాగుపడదు. పాలలోని మాంసకృత్తులను వ్యాధినిరోధక వ్యవస్థ శత్రువులుగా భ్రమించి తిరగబడడం మరొక రకం. దీనినే అలర్జీ అంటారు. 1906లో వియన్నా వైద్యుడు పిర్కే ఈ పదాన్ని సృష్టించాడు. తామరతో ముడిపడినది ఈ రెండవ రకమే.

ఇది ఎంతమందికి ఉంటుంది? ఐరోపాలోని తొమ్మిది దేశాలలో పన్నెండు వేలకు పైగా శిశువులను పుట్టినప్పటి నుండి గమనించి 2015లో ప్రకటించిన అధ్యయనంలో, ఆవుపాల అలర్జీ ఉన్నట్లు వైద్యుల సమక్షంలో నిర్ధారణ అయినవారు నూటికి ఒకరికంటే తక్కువ. అనుమానించినవారి సంఖ్య మాత్రం అంతకు ఎన్నో రెట్లు. ఎగ్జిమా తీవ్రంగా ఉన్న పసిబిడ్డలలో ఈ అలర్జీ ఇతరులకంటే ఎక్కువగా కనిపిస్తుందన్న మాట కూడా నిజమే.

పాలు తాగిన కొద్ది నిమిషాలలో, లేదా రెండు గంటల లోపల ఒంటిపై దద్దుర్లు లేవడం, పెదవులు, కనురెప్పలు వాయడం, పదేపదే వాంతులు కావడం, పిల్లికూతలు వినబడడం అలర్జీకి గుర్తులు. ఊపిరి అందకపోయినా, బిడ్డ సోలిపోయినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి. మలంలో రక్తం పడడం, బరువు పెరగకపోవడం, చర్మానికి సరైన చికిత్స శ్రద్ధగా చేసినా ఆరునెలల లోపు బిడ్డకు తీవ్రమైన తామర లొంగకపోవడం కూడా అనుమానింపదగిన లక్షణాలే. బుగ్గలు గరుకుబారి, ఆడుతూ పాడుతూ చక్కగా బరువు పెరుగుతున్న బిడ్డకు పాల అలర్జీ ఉండే అవకాశం చాలా తక్కువ.

అన్వయం, వ్యతిరేకం

అనుమానం బలంగా ఉన్నప్పుడు నిజం తేల్చేదెలా? ఇక్కడ భారతీయ తర్కశాస్త్రం చెప్పిన అన్వయ వ్యతిరేకాలు అక్కరకు వస్తాయి. ఒకటి ఉన్నచోట మరొకటి ఉండడం అన్వయం. అది లేనిచోట ఇదీ లేకపోవడం వ్యతిరేకం. రెండూ నిలిచినప్పుడే కార్యకారణ సంబంధం సిద్ధిస్తుంది. ఒక్కటి మాత్రమే చూచి నిర్ణయిస్తే కాకతాళీయంలో పడతాం.

శిశువైద్యులు అనుసరించే పద్ధతి సరిగ్గా ఇదే. చర్మానికి పూయవలసిన మందులు యథావిధిగా పూస్తూనే, కొద్ది వారాలపాటు పాల మాంసకృత్తులను పూర్తిగా తొలగిస్తారు. తామర తగ్గిందా అని చూస్తారు. ఇది వ్యతిరేకం. తరువాత వాటిని తిరిగి ప్రవేశపెట్టి, తామర మళ్ళీ విజృంభించిందా అని చూస్తారు. ఇది అన్వయం. రెండవ మెట్టు ఎక్కకుండా మొదటిదానితో తృప్తిపడడమే ఇళ్ళలో జరిగే పొరపాటు. తిరిగి పట్టే పరీక్షను వైద్యుని సలహాతోనే చేయాలి. మునుపు దద్దుర్లు, వాపు వంటివి వచ్చిన బిడ్డకైతే ఆసుపత్రిలోనే జరపాలి.

తల్లిపాలు తాగే బిడ్డ విషయంలో తల్లిపాలు మాన్పించరాదు. అవసరమని వైద్యుడు భావిస్తే తల్లియే కొన్ని వారాలు పాలు, పెరుగు, వెన్న, నెయ్యి మాని చూస్తుంది. ఆ కాలంలో ఆమెకు కాల్షియం కొరత కలగకుండా వైద్యుడు మాత్రలు సూచిస్తాడు. రాగులు, నువ్వులు ఆహారంలో తోడ్పడతాయి. పోతపాలు తాగే బిడ్డకు, మాంసకృత్తులను అతి చిన్న ఖండాలుగా విడగొట్టి తయారుచేసిన ప్రత్యేకమైన పాలపొడిని, మరీ తీవ్రమైన స్థితిలో కేవలం అమైనో ఆమ్లాలతో చేసినదానిని సూచిస్తారు. బ్రిటనులో 2007లో వెలువడిన వైద్య మార్గదర్శకాలు, మందులకు లొంగని తీవ్రమైన తామర ఉన్న ఆరునెలల లోపు పోతపాల బిడ్డలకు ఇటువంటి పాలను ఆరు నుండి ఎనిమిది వారాలు పట్టి చూడమని చెప్పాయి. ఈ పొడి ఖరీదు సామాన్య కార్మికుని కుటుంబానికి పెనుభారం. నిజంగా అవసరమున్నదో లేదో ముందుగా తేల్చుకోవడానికి ఇదీ ఒక కారణం.

మార్పు కాని మార్పులు

పై పద్ధతి తెలియనివారు చేసే మార్పులలో పెక్కు పేరుకు మాత్రమే మార్పులు. ఆవుపాలు మాని మేకపాలు పట్టడం అందులో ఒకటి. ఆవు, మేక, గేదె పాలలోని మాంసకృత్తులు ఒకదానినొకటి ఎంతగానో పోలి ఉంటాయి. ఆవుపాలు పడని బిడ్డలలో అత్యధికులకు మేకపాలు కూడా పడవు. కోస్తావారు గేదె అన్నా, తెలంగాణవారు బర్రె అన్నా ఆ పాలు కూడా ఇంతే. ఇటీవల నగరాలలో అధిక ధరకు అమ్ముడవుతున్న ‘ఏ2’ పాలలోనూ అలర్జీ కలిగించే మాంసకృత్తులు ఉండనే ఉన్నాయి. ఒక కంపెనీ డబ్బా మాని మరొక కంపెనీ డబ్బా కొనడం వలన డబ్బా రంగు మారుతుందే తప్ప పాలు మారవు. సోయాపాలు ఆరునెలల లోపు పిల్లలకు తగవు. పాల అలర్జీ ఉన్న కొందరికి సోయా కూడా పడదు.

గంగిగోవు పాలకూ గాడిద పాలకూ వేమన పెట్టిన పోలిక తెలియని తెలుగువాడు ఉండడు. గాడిద పాల మాంసకృత్తులు తల్లిపాలకు కొంత దగ్గరగా ఉన్నందువలన, ఆవుపాలు పడని పిల్లలలో చాలామంది వాటిని తట్టుకోగలరని ఇటలీలో జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. అయితే ఆ పాలలో కొవ్వు చాలా తక్కువ. అక్కడి వైద్యులు వాటికి కొవ్వు చేర్చి, పర్యవేక్షణతో వాడారు. వీధిలో పిండి, కాచకుండా పట్టే పాలతో రోగక్రిములు బిడ్డ పొట్టలోకి పోయే ప్రమాదం ఉంది. వాటినే ఆహారంగా నమ్ముకొంటే బిడ్డకు తగినంత శక్తి అందదు.

తప్పు మార్పుకు చెల్లించే మూల్యం

“మార్చి చూస్తే పోయేదేముంది?” అని అడగవచ్చు. పోయేది చాలా ఉన్నదని చెప్పడానికి ఒక ఉదంతం చాలు. అమెరికాలోని అట్లాంటా నగర వైద్యులు 2001లో దానిని ప్రకటించారు. ఇరవై రెండు నెలల మగబిడ్డ. చాలాకాలంగా తామర ఉన్నది. పాలు పడటం లేదని ఇంటివారు భావించి, తల్లిపాలు మాన్పించిన పిదప బియ్యంతో చేసిన పానీయాన్ని పాలకు బదులుగా పట్టారు. బిడ్డ రోజుకు సుమారు లీటరున్నర తాగేవాడు. పొట్ట నిండేది, మాంసకృత్తులు మాత్రం అందలేదు. చివరకు ఒళ్ళంతా నీరుపట్టి, చర్మం పొలుసులూడి, క్వాషియోర్కర్ అనే తీవ్రమైన పోషకాహార లోపంతో ఆసుపత్రికి చేరాడు.

క్వాషియోర్కర్ అనే పేరును వైద్యలోకానికి 1935లో పరిచయం చేసినది సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు. నేటి ఘనాలో గా భాషకు చెందిన ఆ మాట, తరువాతి బిడ్డ పుట్టడంతో పాలకు దూరమైన పెద్దబిడ్డకు వచ్చే జబ్బును తెలుపుతుంది. 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చి, తార్నాకలో నెలకొని ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ఈ వ్యాధిపై ఎనలేని కృషి చేసింది. పేదరికం వలన వచ్చే ఆ జబ్బు, సంపన్న దేశంలో ఒక అపోహ వలన వచ్చింది. చర్మవ్యాధి తగ్గాలని పాలు మాన్పిస్తే, పాలు లేనందువలన మరొక చర్మవ్యాధి వచ్చింది. పాలకు బదులు గంజి పట్టమని సలహా ఇచ్చేవారు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకోవాలి.

రెండవ మూల్యం కంటికి కనిపించనిది. తామర ఉన్న బిడ్డ పాలు హాయిగా తాగుతున్నప్పుడు వాటిని నెలల తరబడి మాన్పిస్తే, శరీరం ఆ ఆహారంతో ఉన్న మైత్రిని మరచిపోవచ్చు. తిరిగి పట్టిననాడు మునుపెన్నడూ లేని తీవ్రమైన అలర్జీ తలెత్తవచ్చు. ఇటువంటి బిడ్డలను వైద్యులు 2016లో వర్ణించారు. వేరుసెనగ విషయంలో లండనులో జరిగి 2015లో ప్రకటితమైన ప్రయోగం ఈ సత్యాన్ని మరొక దిశనుండి బలపరిచింది. తీవ్రమైన ఎగ్జిమా గాని, గుడ్డు అలర్జీ గాని ఉన్న 640 మంది శిశువులలో, అయిదేళ్ళు వచ్చేసరికి వేరుసెనగ అలర్జీ సోకినవారు, దానిని మానినవారిలో నూటికి 17 మంది. చిన్ననాటినుండి తిన్నవారిలో నూటికి ముగ్గురు. దూరంగా ఉంచడమే రక్షణ అన్న పాత నమ్మకం దీనితో వీగిపోయింది.

చేయదగినది

మరి తామర ఉన్న బిడ్డకు చేయవలసినదేమి? బీట పడినది గోడకు కనుక మరమ్మతు గోడకే జరగాలి. రోజుకు రెండు మూడుసార్లు, ముఖ్యంగా స్నానం చేయించి తడి అద్దిన వెంటనే, వాసనలు కలపని తేమలేపనాన్ని ఒంటికి ధారాళంగా పూయాలి. ఎర్రబడిన చోట వైద్యుడు చెప్పిన స్టెరాయిడ్ లేపనాన్ని, చెప్పినన్నాళ్ళు, చెప్పిన మోతాదులో వాడాలి. దానికి భయపడి మానడమూ, దుకాణంలో అడిగి తెచ్చి ఇష్టం వచ్చినట్లు పూయడమూ సమానమైన పొరపాట్లే.

తెలుగు ఇళ్ళలో పసిబిడ్డ స్నానం ఒక వేడుక. మరిగిన నీళ్ళు, నలుగుపిండి రుద్దుడు, సాంబ్రాణి పొగ అందులో భాగాలు. ఆరోగ్యవంతమైన చర్మం వీటిని ఓర్చుకొంటుంది. తామర ఉన్న చర్మం ఓర్చుకోదు. గోరువెచ్చని నీటితో క్లుప్తంగా స్నానం చేయించి, పిండి రుద్దకుండా, పొగ వేయకుండా, పలుచని నూలుబట్టలు తొడగాలి. గోళ్ళు కత్తిరించాలి. దక్కను పీఠభూమిలోని చలికాలపు పొడిగాలి చర్మాన్ని మరింత ఎండగడుతుంది కనుక ఆ రోజుల్లో లేపనం రెట్టింపు శ్రద్ధతో పూయాలి. నగర శివార్లలో బోరునీటి గరుకుదనాన్ని తప్పుపట్టేవారూ ఉన్నారు. కఠినజలానికీ ఎగ్జిమాకూ కొంత సంబంధం ఉన్నట్లు బ్రిటనులోని పరిశీలనలు సూచించాయి. అయితే 336 మంది పిల్లల ఇళ్ళలో నీటిని మెత్తబరచి చూచిన ప్రయోగం 2011లో అదనపు మేలేదీ చూపలేదు. సంబంధం ఉన్నంత మాత్రాన మార్పు మందు కాదన్న పాఠాన్ని నీరు కూడా చెబుతున్నది.

పాల వ్యాపారం ప్రలోభాలనుండి తల్లులను కాపాడడానికి భారత ప్రభుత్వం 1992లో శిశువుల పాల ప్రత్యామ్నాయాల ప్రచారాన్ని నియంత్రించే చట్టం చేసి, 2003లో దానిని మరింత కట్టుదిట్టం చేసింది. రెండేళ్ళ లోపు పిల్లల పాలడబ్బాలకు ప్రకటనలివ్వడం నేరం. చట్టం ప్రకటనలను ఆపగలదు. పక్కింటి సలహాను ఆపలేదు. ఆ పని విచక్షణ చేయాలి.

ఈ విచారణ సారాంశం ఇది. పసిబిడ్డ తామర ప్రధానంగా చర్మపు వ్యాధి; దానికి చికిత్స చర్మానికే. పాల అలర్జీ నిజంగా ఉన్న కొద్దిమందికి పాల మార్పు మేలు చేస్తుంది. ఆ కొద్దిమంది ఎవరో తేల్చవలసినది లక్షణాలు, వైద్యుని పరీక్ష. ఇరుగుపొరుగు అనుమానం కాదు. తక్కిన బిడ్డలకు పాలు మార్చడం వలన తామర మానదు, ఎదుగుదల మాత్రం కుంటుపడవచ్చు. ఈ వ్యాధి చాలామంది పిల్లలలో వయసుతోపాటు తగ్గుతూ వస్తుంది. అంతవరకు బిడ్డకు కావలసినవి ఒంటికి లేపనం, కడుపుకు పాలు. తల్లికి కావలసినది నిందలేని ఇల్లు, కడుపునిండా అన్నం.